నీళ్లు మోసిన దూరం

కేసీ కాలువకు నీళ్లొచ్చాయంటే నా షాపుకు సగం తాళం పడినట్టే. కల్లూరులో బోరు మోటార్లకు వైండింగు చేస్తాను. ఎండాకాలం రైతు మోటారు కాలితే నా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కాలువ పారితే రైతు నవ్వుతాడు, నేను షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పోయిన ఏడు జులై ఆఖర్లో నీళ్లు వదిలారు, డిసెంబరు నడుమ కట్టేశారు. ఆ నీళ్లు పారినన్ని రోజుల సంగతి ఇది. కల్లూరులో దీన్ని బాషా రేసు ఓడిపోయిన కథ అని చెప్పుకుంటారు. చెప్పుకోనీ. మోటారుకైతే తీగ చుట్టగలను గానీ ఊరి నోటికి చుట్టలేను కదా.

ఆ రేసు పిచ్చి నాకు తగులుకున్నది ఒక ఆదివారం పొద్దున. నందికొట్కూరు రోడ్డులో ఒక పొలం దగ్గర మోటారు చూసి వస్తున్నాను, పాత సైకిలు మీద, వెనక క్యారియర్‌కు సామాన్ల సంచి. ముందర పదిమంది డాక్టర్లు, ఇంజినీర్లు రంగురంగుల బిగుతు బట్టలేసుకుని సైకిళ్లు తొక్కుతున్నారు. ఎత్తు వచ్చింది. నేను వాళ్లను దాటిపోయాను. దాటాలని కాదు, ఎత్తులో ఆగితే నా సైకిలు మళ్లీ కదలదు.

తర్వాత టీ హోటలు దగ్గర వాళ్లు నన్ను పట్టుకున్నారు. వాళ్లలో పెద్ద శివశంకర్ డాక్టరు, ఎముకల డాక్టరు. నా సైకిలు చుట్టూ తిరిగి చూశాడు.

"ఏమప్పా, దీనికి గేర్లు గూడ లేవే!"

"గేర్లు లేవు సార్. కాళ్లుండాయి."

అందరూ నవ్వారు. నా మాటకు డాక్టర్లు నవ్వడం అదే మొదలు. మనిషి చెడిపోవడానికి అది చాలు.

వారం తిరక్కముందే డాక్టరు తాను తొక్కి పక్కన పెట్టిన సైకిలు నాకిచ్చాడు. డిసెంబరు మొదటి ఆదివారం కడప అవతల ఒక రిజర్వాయరు దగ్గర రేసుందని చెప్పాడు. రేసంటే మూడు ముక్కలు. ముందు రెండు కిలోమీటర్లకు వంద మీటర్లు తక్కువ ఈత. నీళ్లలోంచి లేచి తొంభై కిలోమీటర్లు సైకిలు. సైకిలు దిగి ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి. మధ్యలోనూ గడువులున్నాయి. ఈత గంటా పది నిమిషాల్లో ముగించకపోతే సైకిలు ముట్టుకోనివ్వరు.

"ఈతొస్తాదా బాషా?" అని అడిగాడు.

"బావుల్లో పైపు అడుగున ఫుట్‌వాల్వు ఇప్పనీకి దిగేటోన్ని సార్ నేను. మునిగితే రెండు నిమిషాలు పైకి రాను."

"మునిగేది కాదప్పా. తేలేది కావల్ల."

ఫారం ఫోనులోనే నింపారు. పేరు, వయసు, రక్తం గ్రూపు అడిగారు. జిలాని బాషా, నలభై ఏడు, ఓ పాజిటివ్. ఇంకేం అడుగుతారోనని నిలబడ్డాను. చదువు అడగలేదు. ఏడో తరగతి నడుమ మా నాయన చేయి పట్టి షాపులో కూర్చోబెట్టినప్పటి నుంచి నేను చూసిన ఫారాల్లో చదువు అడగనిది అదొక్కటే. రేసు అయ్యాక ఒక పేర్ల పట్టీ వేస్తారట. పేరు, పేరు పక్కన టైము. డాక్టరు పేరు కింద నా పేరు ఉంటే ఉండనీ, పైన ఉంటే మరీ మంచిది, పక్కన మాత్రం ఒక టైము ఉండాలి. ఆ నాలుగు నెలలు నాకు కావలసింది అదొక్కటే. నవ్వొస్తే నవ్వుకోండి.

సైకిలుకు రోడ్డుంది, పరుగుకు రోడ్డుంది. ఈతకే కాలువ. ఊరు దాటినాక నందికొట్కూరు వైపు ఒక వంతెన ఉంది. అక్కడ దిగితే పాత లాకు దగ్గర తేలాలి. గట్టు మీద సైకిలు మీటరుతో కొలిచాను, సరిగ్గా వెయ్యిన్నీ తొమ్మిది వందల మీటర్లు. దేవుడే నా రేసుకోసం కొలిచి కట్టించినట్టుందని మురిసిపోయాను. చిక్కు ఒక్కటే. బట్టలు వంతెన దగ్గర విప్పితే మనిషి తేలేది లాకు దగ్గర. ఎవరో ఒకరు బట్టలు పట్టుకుని గట్టు వెంబడి రావాలి.

"నేనొస్తాలే," అంది జమీలాబీ.

జమీలాబీ నా భార్య. పెళ్లయి ఇరవై నాలుగేళ్లు. పిల్లలు లేరు. అది ఇక్కడ రాయాల్సిన పని లేదు, కానీ పొద్దున్నే ఇద్దరం ఇల్లు తాళం వేసుకుని పోతే అడిగేవాళ్లు ఎవరూ లేరని చెప్పడానికి రాస్తున్నాను. ఫజర్ నమాజు అయ్యాక మోపెడ్ మీద వంతెన దగ్గరికి పోయేవాళ్లం. నేను నిక్కరుతో నీళ్లలోకి దూకేవాణ్ని. ఆమె నా లుంగీ, చొక్కా, తువ్వాల, చెప్పులు సంచిలో వేసుకుని, బురఖా అంచు ఎత్తి చెక్కుకుని, ఎడమ గట్టు మీద నడిచేది. గట్టు మీద కాలిబాట అటే ఉంది. కుడి గట్టంతా సర్కారు తుమ్మ. నాకేమో కుడిపక్కకు తల తిప్పితేనే ఊపిరి అందుతుంది, అట్లా అలవాటైపోయింది. ముళ్లచెట్లు, వాటి మీద కొంగలు. ఆ కాలువలో నేను చూసింది అవే.

లాకు దగ్గర నాగన్న ఉండేవాడు. కాలువ లస్కరు. షట్టర్లు ఎత్తేది దించేది, గోడ మీద నీటి మట్టం చూసి పుస్తకంలో రాసేది అతని పని. నేను మెట్లెక్కి వాచీ చూపిస్తే, ఆ మట్టం పక్కనే నా టైము కూడా రాసేవాడు.

"నలభై ఒకటి. ఏం బాషా, చేపకు పుట్న్యావా ఏంది?"

నలభై ఒకటి, నలభై, మళ్లీ నలభై. గడువుకు అరగంట మిగులు. ఆ అరగంటను నేను మనసులో రోజూ ఖర్చు పెట్టుకునేవాణ్ని, ఇంత సైకిలుకు, ఇంత పరుగుకు అని.

తిరిగి వంతెన దాకా ఇద్దరం నడిచి వచ్చేవాళ్లం. ఆ నడకలో మాట్లాడుకునేవాళ్లం. పెద్ద సంగతులేం కావు. టమాటా రేటు, కడపలో ఉండే ఆమె చెల్లెలు షాహీనా, పక్కింటివాళ్లు కట్టే మేడ. ఇంట్లో అయితే అంతసేపు మాట్లాడుకునేవాళ్లం కాము. ఒక రోజు ఆమె లాకు దగ్గరికి పావుగంట ఆలస్యంగా వచ్చింది. బురఖా అంచు చినిగి వేలాడుతోంది, మడమల మీద గీతలు. నేను తడి నిక్కరుతో చలికి వణుకుతూ నిలబడి ఉన్నాను.

"ఇంతసేపా? యాడికి పోయినావు?"

"దోవ తప్పినా," అంది.

ఉన్నది ఒక్క గట్టు, ఒక్క బాట. దారి ఎట్లా తప్పుతుందని నేను అడగలేదు. తువ్వాల లాక్కున్నాను.

సెప్టెంబరు నడుమ ఒక ఆదివారం శివశంకర్ డాక్టరు, ఇంకో ఇద్దరు సైకిళ్ల మీద లాకు దగ్గరికి వచ్చారు. నా టైములు విని చూద్దామని వచ్చారట. ఆ రోజు చేతులు ఇరిగిపోయేట్టు ఈదాను. నలభై నిమిషాలకు పది సెకండ్లు తక్కువ. నాగన్న పుస్తకం తెరిచి పాత టైములన్నీ వాళ్లకు చదివి వినిపించాడు. నేను మెట్ల మీద తువ్వాల కప్పుకుని దొరలాగా కూర్చున్నాను. జమీలాబీ ఫ్లాస్కులో టీ అందరికీ పోసింది.

"ఒక చెప్పు ల్యా. వంతెన కాడ నువ్వు దూకినప్పుడే నీళ్లలో పడ్న్యాది," అంది నాతో మెల్లగా.

"పోతే పోనీలే."

డాక్టరు తన ఈత గురించి చెబుతున్నాడు. క్లబ్బు పూల్‌లో ఇదే దూరానికి తనకు యాభై అయిదు నిమిషాలు పడుతుందట. యాభై అయిదు! నేను నలభై. నాగన్న నావైపు చూసి కన్ను గీటాడు. నేను టీ తాగుతూ డాక్టరును ఎంత తగ్గించి మాట్లాడానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "ప్రాక్టీసు చేస్తే మీకు గూడ వస్తాది సార్" అన్నాను.

టీలు అయ్యాయి. రెండో దఫా టీలూ అయ్యాయి. వాళ్లు లేవబోతున్నారు. అప్పుడు జమీలాబీ చేత్తో నోరు మూసుకుని నవ్వడం వినపడింది. నీళ్ల మీద నా నీలం రబ్బరు చెప్పు, తిన్నగా, తొందరేం లేకుండా, లాకు వైపు వస్తోంది. ఆమె కర్రతో దాన్ని ఒడ్డుకు లాగింది.

"చూడయ్యా, నీ చెప్పు గూడ ఈదుకుంటా వచ్చె! దానికి ఎవురు నేర్పినారో!"

నాగన్న నవ్వితే నోట్లో బీడీ జారి ఒళ్లో పడింది. డాక్టరు కూడా నవ్వి, "బాషా, నీకు పోటీ వచ్చినాదప్పా" అన్నాడు. నేను వాచీ చూసుకున్నాను. మాటల్లో పడి ఆపడం మరిచిపోయాను, అంకెలు ఇంకా పరిగెడుతున్నాయి. గంటా పద్దెనిమిది నిమిషాలు.

జమీలాబీ నవ్వు ఆపేసింది. చెప్పులోంచి నీళ్లు దులుపుతూ కాలువ వైపు చూసింది, తర్వాత నా వైపు.

"ఏమయ్యా, దీనికి కాళ్లు లేవు, చేతులు లేవు. అట్లయితే నిన్ను గూడ సగం నీళ్లే మోస్తాండాయి కదా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే సరిపోయేది. డాక్టరు నీళ్లను చూశాడు, నన్ను చూశాడు. గొంతు తగ్గించి, రోగితో మాట్లాడినట్టు, "ఒక పొద్దు పూల్‌కు రా బాషా. కదలని నీళ్లలో టైము చూద్దాం" అన్నాడు.

పదిమందిలో చెప్పుతో కొట్టినట్టు అంటారు. నాకు నా చెప్పే తగిలింది.

తిరుగు నడకలో నేను ముందు, ఆమె వెనక. వంతెన దగ్గర మోపెడ్ స్టాండు తీస్తూ చెప్పాను.

"రేపట్నుంచి నువ్వు రావద్దులే."

"బట్టలు?"

"నేను చూసుకుంటా."

ఆమె సంచిలో తడి చెప్పును పొడి చెప్పు పక్కన పెట్టి, మూతి ముడేసింది. "సరే" అంది. అంతే జరిగింది. అరవలేదు, ఏడవలేదు. ఇరవై నాలుగేళ్లలో మేం దానికన్నా పెద్ద గొడవలు వంద పడ్డాం.

మరునాటి నుంచి మోపెడ్ లాకు దగ్గరే పెట్టి, బట్టలు తుమ్మచెట్టు కింద రాయి పెట్టి దాచి, నిక్కరుతో ఉత్తికాళ్లతో వంతెన దాకా నడిచేవాణ్ని. బట్టలు ఉతికే ఆడవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. ఒకసారి కుక్క చొక్కా ఎత్తుకుపోయింది. పూల్‌కు పోలేదు. తలకు టోపీ పెట్టుకుని, చదువుకున్నవాళ్ల నడుమ, నా బావి ఈత వాళ్లకు చూపించాలా?

నాగన్న ఒక రోజు షట్టరు చక్రం తిప్పుతూ అన్నాడు.

"బాషా, ఒక తూరి ఎదురీత ఈది చూడప్పా. లెక్క తెలుస్తాది."

"రేసులో ఎదురీత యాడుంటాది నాగన్నా? అది చెరువు."

"చెరువే. మోసేది గూడ ఉండదు గదా."

"నువ్వు టైము రాయి చాలు."

అతను రాశాడు. నలభై. ఆ తర్వాత చేప అనలేదు.

అక్టోబరులో షాహీనా ఫోను చేసింది. కడపలో ఆమెది మగ్గం పని. పెళ్లి జాకెట్ల మీద పూసలు, జరీ కుడతారు. కార్తీకం పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయి, చేతులు చాలడం లేదట. జమీలాబీ పెళ్లికి ముందు ఆ పనిలోనే ఉండేది.

"వారం దినాలు పొయ్యొస్తా," అంది.

"పో."

బస్టాండులో బస్సెక్కించాను. కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో పెద్ద మాట చెబుతుందనుకున్నాను. "తడి తువ్వాల సంచిలోనే పెట్టి మర్చిపోవద్దు, కంపు కొడ్తాది" అంది. బస్సు పోయింది.

వారం పోయి రెండోది వచ్చింది. ఫోను చేస్తే వెనక ఆడపిల్లల నవ్వులు వినపడేవి. "ఇంకా పదైదు జాకిట్లుండాయి" అనేది. తర్వాత "దీపావళి పోనీ" అంది. తర్వాత నేనూ అడగలేదు, ఆమే చెప్పలేదు. అడగడం అంటే నేను తగ్గినట్టు. ఆమె లేని ఇంట్లో ఆ లెక్క ఎవరికి చూపించాలనుకున్నానో నాకిప్పటికీ తెలీదు.

ఆ రెండు నెలలు నేను చేసింది చూస్తే ఎవరైనా మెచ్చుకుంటారు, చూసేవాళ్లు ఉంటే. తెల్లారేసరికి కాలువ. ఆదివారం నందికొట్కూరు దాటి పోయి తిరిగి వచ్చేదాకా సైకిలు. సాయంత్రం కొత్త ఇళ్ల నడుమ మట్టిరోడ్ల మీద పరుగు. కుక్కలు వెంటపడేవి. షేర్ ఆటోలవాళ్లు బ్రేకు వేసి మరీ అడిగేవాళ్లు.

"ఏం బాషాబాయ్, ఎవురు తరుముకొస్తాండారు?"

"మీ అమ్మ," అనేవాణ్ని. నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఆ రోజుకు నేను మనిషితో మాట్లాడిన మాట అదొక్కటే అయ్యేది ఒక్కోసారి. హోటల్లో తిని, ఇంటికొచ్చి, తువ్వాల ఆరేసి పడుకునేవాణ్ని. తువ్వాల ఒక్కటి మాత్రం మరిచిపోలేదు.

రేసుకు ముందురోజు మధ్యాహ్నం కడపలో బస్సు దిగాను. సైకిలు బస్సు పైనుంచి దించుకున్నాను. షాహీనా ఇల్లు అక్కడికి పది నిమిషాలు. పోలేదు. రేసు ముగించినవాళ్లకిచ్చే పతకం మెడలో వేసుకుని పోవాలని. వాకిట్లో నిలబడి, ఏమీ మాట్లాడకుండా, అది చూపించాలని. బస్టాండు ఎదురుగా హోటల్లో ఒక్కణ్నే బిర్యాని తిని, ఇంకో బస్సెక్కి రిజర్వాయరుకు పోయాను.

పొద్దున్నే నీళ్ల ఒడ్డున మూడు వందల మంది. కాలేజీ పిల్లల్లాంటి వాలంటీర్లు. అంజలి అని ఛాతీ మీద రాసుకున్న అమ్మాయి నా చేతి మీద స్కెచ్చుతో నాలుగు వందల పన్నెండు అని రాసి, కాలికి టైము పట్టీ కట్టింది. బట్టలు ఒక సంచిలో వేసి దాని మీదా అదే నెంబరు రాశారు. శివశంకర్ డాక్టరు వచ్చి భుజం తట్టాడు.

"నిదానంగా పో బాషా."

"మీరు వెనకాల రండి సార్," అన్నాను.

ఈల వేశారు. దూకాను.

మొదటి పది చేతుల్లోనే తెలిసిపోయింది. నీళ్లు నన్ను ఎత్తుకోలేదు. కాలువలో చేయి వేస్తే గట్టు వెనక్కి పోయేది, ఇక్కడ చేయి వేస్తే చేయే వెనక్కి పోయింది. కుడిపక్క తల తిప్పితే ఒడ్డున ఒక తెల్లటి డేరా. వంద చేతులు వేసి మళ్లీ చూశాను. అదే డేరా, అదే చోట. నీళ్లు నిలబడి ఉన్నాయి, వాటిలో నేను ఒక్కణ్నే ఊగుతున్నాను. జనం నన్ను దాటిపోయారు, తర్వాత జనం లేరు. గుర్తుకోసం కట్టిన నారింజ రంగు బుడగ దగ్గర తిరిగేసరికి నా వెనక చిన్న పడవలో కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు.

చాలాసేపటికి ఆ పడవ పక్కకు వచ్చింది.

"సార్, టైము అయిపోయింది. పడవెక్కండి."

"ఈదుతా."

"ఇంక లెక్కలోకి రాదు సార్."

"తెల్సు. ఈదుతా."

అతను మంచివాడు. పక్కనే తెడ్డు వేసుకుంటూ వచ్చాడు. ఒడ్డు తగిలాక మోకాళ్ల మీద లేచి వాచీ ఆపాను. గంటా ఇరవై రెండు నిమిషాలు. ఆ అంకె చూడగానే ఇంకో అంకె గుర్తొచ్చింది. గంటా పద్దెనిమిది. నా చెప్పు నాకన్నా నాలుగు నిమిషాలు ముందే వచ్చింది. నీళ్లలో నిలబడి నవ్వాను. చాలా రోజులకు నవ్వాను. పక్కన చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

అంజలి వంగి కాలి పట్టీ విప్పింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి, ఎందుకో. "సారీ సార్. అరటిపండు తినండి" అంది. సైకిళ్లు పెట్టిన కడ్డీల దగ్గర నాది ఒక్కటే మిగిలి ఉంది, పెళ్లి అయిపోయిన ఇంటి ముందు మరిచిపోయిన కుర్చీలాగా. రేసు బిగుతు బట్టల మీదే షూలు వేసుకున్నాను, సంచి తీసుకోవడం మరిచిపోయాను. రేసు సైకిళ్లు పోయే గేటు వదిలేసి రెండో గేటులోంచి బయటికి తోసుకొచ్చాను. తొంభై కిలోమీటర్లకు సిద్ధం చేసిన కాళ్లు. కడప యాభై. తొక్కాను.

షాహీనా తలుపు తీసి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"బావా! ఏందీ యేషం? సర్కసోళ్లలో చేరినావా?"

ముందు గదిలో చెక్క మగ్గాలు నాలుగు. మూడింటి మీద ఆడపిల్లలు వంగి కుడుతున్నారు, నాలుగోదాని ముందు జమీలాబీ. కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. ఆమెకు కళ్లద్దాలు వచ్చిన సంగతి నాకు తెలీదు. ఆడపిల్లలు నా బిగుతు బట్టలు చూసి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. షాహీనా వాళ్లను లోపలికి తరిమి, ఒక దుప్పటి తెచ్చి నా మీద వేసింది.

"చేతి మీద ఆ నెంబరేంది, సంతలో గొర్రెకేసినట్ల?" అంది జమీలాబీ.

"రేసుది. ఈ పొద్దే."

"అయిపాయనా?"

"ఈత కాడనే ఆపేసినారు."

"ఎంతసేపు పట్న్యాది?"

"గంటా ఇరవై రెండు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వమనే చెప్పాను. ఆమె సూది గుడ్డలో గుచ్చి వదిలేసింది.

"బట్టలెవురు పట్టుకున్యారు?"

"ఎవురూ పట్టుకోల్యా. సంచికి నెంబరేసి వాళ్లే పెట్టుకున్యారు."

"ఊఁ," అంది.

అన్నం పెట్టింది. గోంగూర, పప్పు. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని పూసలు రంగు రంగు వేరు చేస్తోంది. యాభై కిలోమీటర్లు తొక్కుతూ కూర్చుకున్న మాట ఒకటి ఉంది. సగం తిన్నాక బయటికి వచ్చింది.

"ఆ పొద్దు నువ్వు అనింది నిజమే. సగం నీళ్లే మోసినాయి."

"నేను ఎగతాళికి అనల్యా. భయమేసి అన్న్యా. చెరువులో మునుగుతావేమోనని."

"నాకట్ల అర్థం కాల్యా."

"నీకు యాడ అర్థమైతాది? నెలన్నర గట్టెంబడి నడ్సినా. ఒక్క దినమన్నా తలెత్తి నా పక్క చూస్తివా నువ్వు?"

"నాకు కుడిపక్కే ఊపిరి అందేది జమీలా."

"తెల్సు. నాగన్న చెప్పె. అందుకే ఒక పొద్దు ఆ పక్క గట్టుకు పోతి. అంతా ముండ్లు. నడ్సేకి దోవ ల్యా. మళ్లా తిరుక్కొని వచ్చేసరికి నువ్వు చలికి వణుకుతా అరుస్తాంటివి."

ముద్ద మళ్లీ కంచంలో పెట్టాను. చినిగిన బురఖా అంచు, మడమల మీద గీతలు, దోవ తప్పినా అన్న మాట. అడగాల్సినప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఏమీ మిగల్లేదు.

లోపలి నుంచి ఒక ఆడపిల్ల "అక్కా, ఈ జరీ చాలదు" అని పిలిచింది. "వస్తాండా" అని జమీలాబీ లేచింది. లేస్తూ నా గ్లాసులో నీళ్లు పోసింది.

"ఇంటికి ఎప్పుడొస్తావు?" అన్నాను.

"ఈ పని నా చేతి మీదనే ఉండాది. చూస్తాలే."

సాయంత్రం సైకిలు బస్సు పైకెక్కించుకుని కర్నూలు వచ్చేశాను. షాహీనా వాళ్లాయన లుంగీ, చొక్కా కట్టుకుని వచ్చాను. జమీలాబీ వాకిటి దాకా వచ్చి నిలబడింది. సందు మలుపులో నేను వెనక్కి చూశాను. ఉంది.

రెండు రోజులకు పేర్ల పట్టీ వచ్చిందని డాక్టరు ఫోనులో చూపించాడు. నా పేరు ఉంది. పక్కన టైము లేదు, మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఏమని సార్ అంటే, "ముగించలేదని" అన్నాడు. "వచ్చే ఏడు పూల్‌లో ప్రాక్టీసు చేద్దాం బాషా" అని కూడా అన్నాడు. చూద్దాం సార్ అన్నాను.

కాలువకు ఇంకా పది రోజులు నీళ్లున్నాయి. పొద్దున్నే పోతూనే ఉన్నాను. నాగన్న పుస్తకం తీయబోతే వద్దన్నాను. వాచీ ఇంట్లోనే పెట్టి వచ్చాను. ఎడమపక్కకు తల తిప్పి ఊపిరి తీయడం నేర్చుకుంటున్నాను. మొదట్లో అంతా నీళ్లే నోట్లోకి. దగ్గు, ముక్కులో మంట. "ఏమప్పా, వచ్చిన ఈత గూడ మర్చిపోతాండావు" అన్నాడు నాగన్న. నలభై ఏడేళ్ల మెడ, కుడికే అలవాటు పడింది, అంత తొందరగా వినదు.

ఏడో రోజుకు వచ్చింది. మూడు చేతులకొకసారి ఎడమకు తిప్పుతాను. గట్టు కనిపిస్తుంది. ఎండిన గడ్డి, గడ్డి నడుమ తెల్లటి కాలిబాట, సంచి పట్టుకుని ఒక మనిషి నడవడానికి సరిపోయేంత వెడల్పు. వంతెన నుంచి లాకు దాకా ఎక్కడా తెగకుండా, నీళ్లకు ఎంత దగ్గరగా ఉందో. ఇప్పుడు అటుపక్క ఎవరైనా నడుస్తుంటే నా మొహం బాగా కనిపించేది.

పదకొండో రోజు నాగన్న షట్టరు దించాడు.